నాలుగో జవాబు

శనివారం నాలుగు గంటలకు సౌనా పొయ్యి వెలగాలి. అంతకంటే ముందు ఫిర్యాదుల జాబితా సున్నా కావాలి. తూరె హక్కరైనెన్ పదహారేళ్ళుగా ఈ రెండు నియమాలూ తప్పలేదు. సున్నా చూడకుండా ఆవిరిగదిలోకి వెళితే ఒంటికి చెమట పడుతుంది గాని మనసుకు పట్టదని అతని నమ్మకం.

మూడూ ఇరవైకి జాబితాలో ఇంకా తొమ్మిది ఉన్నాయి. వంటింటి బల్ల దగ్గర చొక్కా చేతులు మడిచి కూర్చుని ఒక్కొక్కటే తెరుస్తున్నాడు.

అన్నీ 'సిల్తా' గురించే. సిల్తా అతను రాసిన ప్రోగ్రాము. ఎక్కడో దూరాన ఉన్న యంత్రంతో ఇక్కడ కూర్చుని మాట్లాడాలంటే, మధ్యలో ఎవరూ వినకుండా ఒక దారి వేయాలి. సిల్తా ఆ దారి వేస్తుంది. సొంతంగా అది ఇంకే పనీ చేయదు. వేరేవాళ్ళు తమ ప్రోగ్రాముల్లో దాన్ని కలుపుకుని వాడుకుంటారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఎవరైనా విప్పి లోపల చూసుకోవచ్చు. విప్పి చూసేవాళ్ళు తక్కువ, తిట్టేవాళ్ళు ఎక్కువ.

పాస్‌వర్డు సరిగ్గానే కొట్టాను, ఒప్పుకోవడం లేదని ఒకరు. అవతలి యంత్రం మారిపోయింది జాగ్రత్త అని బెదిరిస్తోంది, ఏం చేయాలని ఒకరు. అసలు తలుపే తీయడం లేదని ఇంకొకరు. పదహారేళ్ళలో మనుషులు మారారు గాని బాధలు మారలేదు. అందుకని తూరె ఆరు జవాబులు ముందే రాసిపెట్టుకున్నాడు. ఒకటి నొక్కితే తాళంచెవి ఉన్న ఫైలు సరిచూసుకోమన్న జవాబు వెళుతుంది. రెండు నొక్కితే, అవతలి యంత్రాన్ని ఎవరో కొత్తగా కట్టి ఉంటారు, పాత గుర్తు చెరిపేసుకోండి అని. అన్నిటికంటే ఎక్కువగా వాడేది నాలుగు. "కనెక్షన్ మధ్యలో ఆగిపోవడానికి కారణం మీ వైపున్న ఫైర్‌వాల్. మీ అమరికలు సరిచూసుకోండి. ఇది సిల్తా లోపం కాదు." కింద టి.హెచ్. అని సంతకం. ఆ వెంటనే ఫిర్యాదు మీద 'వాడుకలో పొరపాటు' అనే చీటీ దానంతటదే అంటుకుంటుంది, ఫిర్యాదు మూసుకుంటుంది.

హిల్కా చేతి నిండా బర్చ్ కట్టెలతో వెనక తలుపు తోసుకుని వచ్చింది. బూట్ల మంచు గుమ్మం దగ్గర దులిపి, మొగుడి భుజం మీదుగా తెరలోకి తొంగి చూసింది.

"లోకంలో బాధపడేవాళ్ళు ఇంకా ఎంతమంది మిగిలారు?"

"నలుగురు."

"చదువుతున్నావా, ఊరికే నొక్కుతున్నావా?"

"మొదటి వాక్యం చూస్తే చాలు. డాక్టరు నాడి పట్టుకోగానే తెలిసిపోదూ?"

"డాక్టరు చెయ్యన్నా పట్టుకుంటాడు," అంటూ ఆమె కట్టెలు తీసుకుని స్నానాల గది వైపు వెళ్ళిపోయింది.

తూరె నవ్వుకుని నాలుగు నొక్కాడు. మళ్ళీ నాలుగు. ఒకటి. నాలుగు. మూడూ యాభై రెండుకి సున్నా వచ్చింది. అగ్గిపెట్టె తీసుకుని లేచాడు.

మంగళవారం ఉదయం వచ్చిన ఫిర్యాదు హాంబుర్గ్ నుంచి. పంపిన మనిషి ఎగ్గెర్ట్ లోరెన్‌జెన్, పేరు కింద ఒక పెద్ద ఓడల కంపెనీ చిరునామా, ఇంజనీరు హోదా. ఓడ ఇంజన్ల అంకెలు రేవులో కూర్చుని చూస్తుంటామనీ, దారి వేసిన గంటకు అప్పుడప్పుడు అంకెలు బిగుసుకుపోతున్నాయనీ, కనెక్షన్ మాత్రం ఉన్నట్టే కనబడుతోందనీ నాలుగు వాక్యాల్లో రాశాడు.

కనెక్షన్ ఆగిపోవడం. అచ్చంగా నాలుగో జవాబు వ్యవహారమే. అయినా తూరె వేలు నాలుగు మీదికి పోలేదు. ఎందుకు పోలేదని ఆ రోజు అతను తనను తాను అడగలేదు. ఆ చిరునామా ఇంకోసారి చదువుకుని, కాఫీ పెట్టుకుని, ఎన్నడూ లేనిది అటక మీంచి రెండో కంప్యూటరు దింపాడు.

రెంటినీ బల్ల మీద ఎదురెదురుగా పెట్టి దారి వేశాడు. సిల్తా దారిలో గంటకోసారి రెండు చివరలూ పాత తాళం పారేసి కొత్త తాళం వేసుకుంటాయి. ఎవరైనా పాత తాళంచెవి సంపాదించినా పనికిరాకుండా. గంట కూర్చునే ఓపిక లేక దాన్ని పది సెకన్లకు తగ్గించాడు. తర్వాత ఒక చివరినుంచి అంకెలు వదలసాగాడు. పది సెకన్లు, ఇరవై, ముప్పై. ఏమీ కాలేదు. అంకెల వేగం పెంచాడు. నూటపదో సెకను దగ్గర తెర మీద అంకె నిలిచిపోయింది. దారి తెగలేదు. తెగిందని ఏ చివరా అనలేదు. అంకె మాత్రం కదలలేదు.

మధ్యాహ్నానికి ప్రోగ్రాములో తప్పున్న వరుస దొరికింది. పదకొండేళ్ళ కిందట తనే రాశాడు. తాళం మార్చుకునే అరక్షణంలో అవతలినుంచి మాట వస్తే దాన్ని పక్కన పెట్టి, కొత్త తాళం పడ్డాక అందించాలి. అతను రాసిన వరుస పక్కన పెట్టేది, అందించేది కాదు. ఆ తర్వాత ఇవతలివాడు మాట కోసం, అవతలివాడు జవాబు కోసం, మీరు ముందంటే మీరు ముందని గుమ్మం దగ్గర నిలబడిపోయిన మర్యాదస్థుల్లా ఆగిపోయేవాళ్ళు.

దిద్దడానికి నాలుగు వరుసలు పట్టాయి. బుధవారం పది గంటలకల్లా కొత్త సిల్తా లోకంలోకి వదిలాడు. దానితోబాటు వెళ్ళే కాగితంలో, "ఈ లోపాన్ని ఓపికగా గమనించి తెలియజేసిన ఎగ్గెర్ట్ లోరెన్‌జెన్‌కు కృతజ్ఞతలు" అని రాసి తన ముద్ర వేశాడు. ముద్ర పడ్డాక అందులో ఒక్క అక్షరం మార్చినా ఏ యంత్రమూ దాన్ని నమ్మదు. అది ఆ పనివాళ్ళ కట్టుబాటు.

ఇక మిగిలింది చిల్లర పని. ఇదే లోపం గురించి పాతవాళ్ళెవరైనా రాశారేమో వెతికి, దొరికిందని వాళ్ళకు చెప్పాలి. మూసేసిన ఫిర్యాదుల్లో 'గంట' అనే మాట వెతికాడు. మూడు దొరికాయి. మూడూ ఒకే మనిషివి. ఇర్మెలి కెంప్పైనెన్, హౌకిలాంపి అనే ఊళ్ళో ఇళ్ళకు వేడినీళ్ళు పంపే కేంద్రంలో పర్యవేక్షకురాలు. అక్టోబరు పదకొండు, అక్టోబరు ఇరవై ఐదు, జనవరి పది. మూడో దాన్ని అతను ఇప్పుడు మొదటిసారి చివరిదాకా చదివాడు.

"మళ్ళీ నేనే, విసిగిస్తున్నందుకు మన్నించండి. మీరు చెప్పినట్టు ఫైర్‌వాల్ రెండుసార్లు చూపించాం, అందులో ఏమీ లేదన్నారు. అందుకని పదకొండు శనివారాలు గడియారం, నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. కనెక్షన్ తెరిచి సరిగ్గా గంట పూర్తయ్యే క్షణంలో పంపునుంచి అంకె వస్తే అంతా మూగబోతోంది. ఆ క్షణంలో అంకె రాకపోతే ఏమీ కాదు. ఆ కాస్త సేపట్లో రెండు చివరలూ ఏదో మార్చుకుంటున్నాయేమోనని నా అనుమానం. నేను ప్రోగ్రాములు రాసే మనిషిని కాను. ఇక్కడ తెర మీద పాత అంకె నిలిచిపోతే పంపు ఆగినా మాకు తెలియదు. ఒక్కసారి చూడగలరా?"

కింద నాలుగో జవాబు. దాని కింద, 'ఈ చర్చ మూసివేయబడింది.' దాని కింద, టి.హెచ్.

లోరెన్‌జెన్ ఉత్తరంలో లేనిది కూడా ఈ ఉత్తరంలో ఉంది. దీన్ని చదివుంటే రెండో కంప్యూటరు దింపే పని కూడా ఉండేది కాదు. సిగ్గుతో మెడ మీద చురుక్కుమన్నట్టయి కాలరు సర్దుకున్నాడు.

క్షమించమని ఆమెకు రాశాడు. ఆ చిరునామాలో ఎవరూ లేరని రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

గురువారం కేంద్రానికి ఫోను చేస్తే మేనేజరు ఎన్సియో రాతికైనెన్ ఎత్తాడు.

"ఇర్మెలి గారా? పని మానేశారండీ, ఫిబ్రవరిలో. ఇంతకీ మీరెవరు?"

తూరె తన పేరు, సిల్తా పేరు చెప్పాడు.

"ఓహో, టి.హెచ్. అంటే మీరేనా," రాతికైనెన్ గొంతులో గౌరవం వచ్చింది. "మీ జవాబులు మా ఫైల్లో ఉన్నాయండీ. విచారణలో బాగా పనికొచ్చాయి."

"దేని విచారణ?"

రాతికైనెన్ చెప్పుకుపోయాడు. జనవరి పదిహేడు, శనివారం, బయట మైనస్ ఇరవై తొమ్మిది. చెరువు గట్టున ఉన్న పంపు ఆగిపోయింది. కేంద్రంలో తెర మీద మాత్రం మూడు గంటలపాటు ఎనభై రెండు డిగ్రీలే కనబడింది. వృద్ధాశ్రమంలో గొట్టాలు చల్లబడిపోయి, పంతొమ్మిదిమంది ముసలివాళ్ళను దుప్పట్లతో సహా చర్చి హాలుకు మోసుకెళ్ళాల్సి వచ్చింది. ప్రాణాలకేమీ కాలేదు గాని ఊరంతా అట్టుడికిపోయింది. ఆ రోజు తెర ముందున్నది ఇర్మెలి, తప్పు ఆమె మీదికే వచ్చింది.

తూరె ఫోను పెట్టేసి వంటింట్లోకి వచ్చాడు. హిల్కా బంగాళాదుంపలు చెక్కుతోంది. ఆమెకు అంతా చెప్పాడు. ఆమె విని, చివర ఒకటే అడిగింది.

"జనవరి పదిన ఆవిడ ఎన్నింటికి రాసింది?"

"మూడూ నలభైకి."

"నువ్వెప్పుడు జవాబిచ్చావు?"

"మూడూ నలభై ఒకటికి."

హిల్కా ఇంకో దుంప అందుకుని దాని తొక్క మొత్తం తీసింది.

"ఉత్తరం రాస్తే చాలదు తూరె," అంది చివరికి. "వెళ్ళు."

శుక్రవారం ఉత్తర దిక్కుగా మూడు గంటల ప్రయాణం. దారి పొడుగునా తను చెప్పబోయేది మననం చేసుకున్నాడు. మేనేజరుకు లోపం వివరిస్తాడు, కాగితం రాసిస్తాడు, ఆమెను వెనక్కు పిలుస్తారు. తప్పు ఎక్కడుందో దొరికితే దిద్దడం ఎంతసేపు? నాలుగు వరుసలు దిద్దినంత సులువుగా అనిపించింది, హౌకిలాంపి చేరేదాకా.

రాతికైనెన్ ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. పైనే ఉన్నాయి, మూడు కాగితాలు, నాలుగో జవాబు మూడుసార్లు. 'సిల్తా లోపం కాదు' అన్న మాట కింద పసుపు రంగు గీత.

"ఈ జవాబులు తప్పు," అన్నాడు తూరె. "లోపం సిల్తాదే. నాదే. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం."

రాతికైనెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరంటే నేను కాదంటానా? కాని చూడండి, మిగతా ఐదుగురు పర్యవేక్షకులకూ ఎప్పుడూ రాని ఇబ్బంది ఆవిడకే ఎందుకు వచ్చింది?"

"ఆవిడ శనివారాలు పనిచేసేవారు కదా, మీ పనివేళల సంగతి ముందు ఉత్తరాల్లో రాశారు. మామూలు రోజుల్లో గంట తిరక్కుండానే మనుషులు మారుతుంటారు, వచ్చినవాళ్ళు తెర మూసి మళ్ళీ తెరుచుకుంటారు. శనివారం ఒక్క మనిషే పన్నెండు గంటలు. మూసే పనుండదు. గంటలు నిండేది ఆవిడకే."

"సరే. మరి ఆవిడే ఒప్పుకున్నారుగా?" రాతికైనెన్ ఇంకో కాగితం తిప్పి చూపించాడు. విచారణలో ఇర్మెలి ఇచ్చిన వాంగ్మూలం, కింద గుండ్రటి అక్షరాల సంతకం. పైన ఒకే వాక్యం. 'జరిగినది నా వాడుకలో పొరపాటు.'

ఆ మాట తూరెకు తెలుసు. అది తన చీటీ మీది మాట.

"మేమెవరమూ పొమ్మనలేదండీ," అన్నాడు రాతికైనెన్. "తనే రాజీనామా ఇచ్చారు. ఆవిడ వెళ్ళాక ఇప్పటిదాకా తెర మీద అంకెలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక మీరే చెప్పండి."

లోపం అలాగే ఉండగా ఎందుకు ఆగడం లేదో తూరెకూ బోధపడలేదు. తెర ఒకసారి చూడవచ్చా అని అడిగాడు.

పర్యవేక్షణ గదిలో కౌకో అనే భారీ మనిషి కూర్చుని రై రొట్టె తింటున్నాడు. ఇర్మెలి స్థానంలోకి వచ్చింది ఇతనే. ఎదురుగా తెర మీద ఏడు పంపుల అంకెలు కదులుతున్నాయి. పక్కన వంటింట్లో వాడే టైమరు ఒకటి, ఎర్రది, టిక్కుటిక్కుమంటోంది. వీళ్ళు పలకరింపుల్లో ఉండగానే అది గణగణమంది. కౌకో రొట్టె నోట్లో పెట్టుకుని, ఖాళీ అయిన చేత్తో తెర మీది కిటికీ మూసేశాడు, మళ్ళీ తెరిచాడు, టైమరు తిప్పి పెట్టాడు.

"అదేంటి, ఎందుకలా చేశారు?" అని అడిగాడు తూరె.

"ఏమోనండీ, చీటీలో ఉంది," అన్నాడు కౌకో నములుతూ.

తెర అంచున టేపుతో అంటించిన కాగితం. గుండ్రటి అక్షరాలు. 'ప్రతి యాభై నిమిషాలకూ ఒకసారి మూసి తెరవండి. గంట నిండనివ్వకండి. శనివారాలు మరీ జాగ్రత్త. టైమరు నాదే, ఉంచుకోండి. ఇర్మెలి.'

"ఇది ఎప్పటినుంచి ఉందిక్కడ?" రాతికైనెన్ అడిగాడు.

"ఆవిడ వెళ్ళిన రోజునుంచి. మీరీ గదిలోకి ఎప్పుడు వచ్చారు గనక?" అన్నాడు కౌకో. "మొదట్లో చాదస్తం అనుకున్నా. తర్వాత చెయ్యి అలవాటు పడిపోయింది. పొయ్యి మీద పాలు చూసుకోమూ, అలాగే."

రాతికైనెన్ చీటీని రెండుసార్లు చదివాడు. అతను చెడ్డవాడు కాదు. ఫైలు చెప్పింది నమ్మే మనిషి. "మీరొక కాగితం రాసివ్వండి," అన్నాడు మెల్లగా. "ఫైల్లో పెడతాను."

ఊరి చర్చివాళ్ళు నడిపే పాత సామాన్ల కొట్టు, బస్సులు ఆగేచోటికి ఎదురుగా ఉంది. కౌకో చెప్పిన గుర్తులతో తూరె అక్కడికి వెళ్ళేసరికి మూడయింది. లోపల మడతపెట్టిన పరదాల వాసన. వెనక బల్ల దగ్గర బూడిద రంగు స్వెట్టరు వేసుకున్న ఒకావిడ బల్ల దీపాలను ఒక్కొక్కటే ప్లగ్గులో పెట్టి చూస్తోంది. ఒకటి వెలగలేదు. బల్బు మార్చింది, వెలగలేదు. వేరే ప్లగ్గులో పెట్టింది. వైరును వేళ్ళతో మొదలునుంచి చివరిదాకా తడుముకుంటూ వచ్చి, ఒకచోట వంచి పట్టుకుంది. వెలిగింది. చీటీ మీద 'వైరు మార్చాలి' అని రాసి దారంతో కట్టింది.

"కెంప్పైనెన్ గారేనా?"

"ఆఁ. కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికి కాలు వదులు. ఇంకా చీటీ కట్టలేదు."

ఇంకో కుర్చీలో కూర్చుని తూరె తన ఊరి పేరు చెప్పి, సిల్తా రాసేవాళ్ళ తరఫున వచ్చానన్నాడు. తన పేరు అప్పుడే నోటికి రాలేదు. లోపం దొరికిందనీ, బుధవారం సరిచేశారనీ చెప్పాడు. ఆమె తర్వాతి దీపం చేతిలోకి తీసుకుని ఆగింది.

"ఎక్కడ ఆగుతోంది?"

"గంట పూర్తయ్యే క్షణంలో. తాళాలు మార్చుకునేటప్పుడు."

"అంకె వస్తేనేనా?"

"వస్తేనే."

"రాకపోతే ఏమీ కాదు."

"ఏమీ కాదు. మీరు రాసినట్టే."

ఆమె తల ఊపింది. దీపం బల్ల మీద పెట్టి, అరచేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే నేను చూసింది సరిగ్గానే చూశాను."

"సరిగ్గానే చూశారు."

"జనవరినుంచి నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. ఈ దీపాలు కూడా ఒకటికి మూడుసార్లు చూస్తే గాని చీటీ రాయలేను. ఇక్కడివాళ్ళు నవ్వుతారు." ఆమె లేచి మూలనున్న కాఫీ కుండలోంచి రెండు కప్పులు నింపి, ఒకటి అతని ముందు పెట్టింది. "ఇంత దూరం వచ్చి చెప్పారు, సంతోషం. మీ యంత్రాన్ని కూడా సరిచేశారా?"

"ఏ యంత్రం?"

"జవాబులిచ్చేది. టి.హెచ్. ఏదో ఉందిగా దాని పేరు."

తూరె కప్పు ఎత్తబోయి ఆపేశాడు.

"నిమిషంలో జవాబొచ్చింది," అంటోంది ఆమె. "మనిషైతే అంత పెద్ద ఉత్తరం నిమిషంలో చదివి జవాబు రాయలేడు కదా. మూడుసార్లూ అదే మాట, చుక్కలతో సహా. మాటలు రాని దాని మీద కోపమేముంటుంది అని సరిపెట్టుకున్నాను. పైగా యంత్రం మూడుసార్లు ఒకే మాట అంటే నిజమే అయ్యుంటుందిలే అనిపించింది. మనిషైతే పొరబడతాడు, దానికేం అవసరం? అందుకే విచారణలో ఆ మాటే రాసిచ్చాను."

చెప్పకుండా కాఫీ తాగి లేచిపోవచ్చు. ఆమెకు కావలసింది దొరికింది, కళ్ళు సరిగ్గా ఉన్నాయని తెలిసింది. తూరెకు ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది.

"యంత్రం కాదండీ," అన్నాడు. "నేనే. తూరె హక్కరైనెన్. టి.హెచ్."

ఇర్మెలి అతన్ని చూసింది. జుట్టు, మడిచిన చొక్కా చేతులు, కప్పు పట్టుకున్న వేళ్ళు.

"మనిషేనన్నమాట," అంది.

అతను తల వంచుకున్నాడు.

"చదివారా?"

"మొదటి వాక్యం."

మొదటి వాక్యమేమిటో ఆమె గుర్తు చేసుకుంది. 'మళ్ళీ నేనే, విసిగిస్తున్నందుకు మన్నించండి.' అది ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆమె కిటికీ వైపు తిరిగి, బయట ఆగిన బస్సులోంచి దిగుతున్నవాళ్ళను చూస్తూ నిలబడింది.

"యంత్రమైతేనే బాగుండేదండీ," అంది.

క్షమించమని తూరె అడిగాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. సిల్తాతోబాటు వెళ్ళే కృతజ్ఞతల కాగితం కొత్తది రాసి అందులో మీ పేరు చేరుస్తానన్నాడు. ఇప్పుడున్న దాంట్లో ఎవరి పేరుందని ఆమె అడిగింది. చెప్పాడు. ఎన్ని శనివారాలు చూశాడట అని అడిగింది. తెలియదన్నాడు.

"పోనివ్వండి, ఉంచండి ఆయన పేరు. నాకెందుకు? ఉద్యోగానికి కూడా మళ్ళీ వెళ్ళను. ఆ తెర ముందు కూర్చుంటే ప్రతి అంకెనూ అనుమానిస్తాను." ఆమె మళ్ళీ కుర్చీలోకి వచ్చింది. "కాగితం రాసిచ్చారా మా మేనేజరుకు?"

"రాసిచ్చాను. ఫైల్లో పెడతానన్నారు."

"మా మేనత్త ఫైళ్ళు చదవదు. ఆ రోజు చర్చి హాలుకు మోసుకెళ్ళిన వాళ్ళల్లో ఆవిడొకతి. అప్పట్నుంచి నా ముఖం చూడదు. ఊళ్ళోవాళ్ళు ఏదైనా చదివితే కిరాణా కొట్టు గుమ్మం దగ్గర బోర్డు మీదే. అక్కడ పెట్టండి." సొరుగు లాగి నాలుగు గుండుసూదులు ఏరి అతని ముందు పెట్టింది. "కేంద్రంలో కొత్తది పెట్టారా?"

"రేపు పెడతాను."

"పెట్టగానే నా చీటీ చించెయ్యకండి. ఒక్కరోజు ఆగకపోతే బాగయినట్టు కాదు. అంకె వచ్చే గంటలుంటాయి, రాని గంటలుంటాయి. పదకొండు శనివారాలు చూస్తే గాని నాకే తెలియలేదు." ఆమె అలమరలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. "వెనక ఖాళీ పేజీలున్నాయి."

ఆ తర్వాత ఇంకో దీపం ప్లగ్గులో పెట్టింది. తూరె కాఫీ మొత్తం తాగాడు. చల్లారిపోయింది, అయినా వదిలిపెట్టడానికి మనసొప్పలేదు.

శనివారం మధ్యాహ్నం కిరాణా కొట్టు బోర్డు మీద, పొయ్యి కట్టెల ప్రకటనకూ కుక్కపిల్లల ప్రకటనకూ మధ్య ఒక కాగితం వెలిసింది. జనవరి పదిహేడున పంపు ఆగినా తెలియకపోవడానికి కారణం సిల్తాలోని లోపం, ఇర్మెలి కెంప్పైనెన్ దాన్ని ముందే కనిపెట్టి మూడుసార్లు హెచ్చరించారు, వినిపించుకోనిది నేను. కింద ఊరు, పేరు, ఫోను నంబరు. గుడ్లు కొనుక్కుని బయటికొస్తున్న ముసలాయన ఒకడు ఆగి, పెదవులు కదుపుతూ చదివి, తూరె వైపు చూసి వెళ్ళిపోయాడు.

కొత్త సిల్తా పెట్టి మూడింటికి కనెక్షన్ తెరిచారు. తూరె కౌకో పక్కన కుర్చీ వేసుకుని, నోటుబుక్కు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మూడూ ఇరవైకి హిల్కా ఫోను చేసింది.

"పొయ్యి వెలిగించనా, ఆగనా?"

"వెలిగించుకో. నేను రాలేను."

"జాబితాలో ఎంతమంది ఉన్నారు?"

"పదమూడు. ఇంకా ఏదీ తెరవలేదు. చదవాలి."

మూడూ యాభైకి టైమరు గణగణమంది. కౌకో చెయ్యి దానంతటదే తెర వైపు వెళ్ళింది.

"మూయకండి," అన్నాడు తూరె.

కౌకో చెయ్యి వెనక్కు తీసుకుని తొడ మీద పెట్టుకున్నాడు. ఇద్దరూ తెరలోకి చూస్తూ కూర్చున్నారు. చెరువు గట్టు పంపు, ఎనభై ఒకటి. నాలుగు కావడానికి ఒక నిమిషం. అర నిమిషం. నాలుగయింది. ఎనభై ఒకటి అలాగే ఉంది. ఉంది. ఎనభై రెండయింది.

"అయిపోయిందా?" కౌకో ఒళ్ళు విరుచుకుని, చీటీ అంచున టేపు గోటితో లేపబోయాడు.

"ఉండనివ్వండి. ఇంకా పది శనివారాలున్నాయి."

"మీరే వస్తారా?"

"నేనే వస్తాను."

తూరె నోటుబుక్కు తెరిచాడు. పదకొండు శనివారాలు, గీత కొట్టినట్టు వరుసలు, తేదీ, గంట, అంకె. చివరి వరుస పక్కన, జనవరి పది, ఆమె సన్నగా రాసుకుంది. 'జవాబు వచ్చింది. నా పొరపాటే కావచ్చు.' దాన్ని కొట్టెయ్యాలని పెన్సిలు పెట్టాడు. ఆమె చేతిరాత మీద గీత గీయడానికి చెయ్యి రాలేదు. దాని కింద కొత్త వరుసలో రాశాడు: 'మార్చి పద్నాలుగు, నాలుగు గంటలు. ఎనభై రెండు. ఆగలేదు.'

అలవాటుగా టి.హెచ్. అని పెట్టబోయి ఆగాడు. పూర్తి పేరు రాశాడు.